వెలిసిపోయే ఎరుపు, నిలిచే ఎరుపు

కొనేటప్పుడు కళ్లు చెదిరేంత ఎర్రగా ఉన్న చేప ఇంటి అక్వేరియంలో నాలుగు నెలలు తిరక్కుండానే వెలిసిపోతుంది. ముందు నీళ్లను తిట్టుకుంటారు, తర్వాత దుకాణదారుణ్ణి, చివరికి ఆ జాతే అంతలే అని సరిపెట్టుకుంటారు. ఈ మూడింట్లోనూ ఎంతోకొంత నిజం లేకపోలేదు. అయితే చేప రంగునే ఒక విద్యగా రెండు వందల ఏళ్లు సాధన చేసినవాళ్లున్నారు. వాళ్లు జపాన్‌లోని నీగాత కొండపల్లెల్లో కోయి అనే రంగు కార్పు చేపలను పెంచేవాళ్లు. వాళ్ల పనితనం గమనిస్తే ఒక సంగతి తేలిపోతుంది. పుట్టుకతో వచ్చి అలాగే ఉండిపోయే రంగంటూ చేపకు లేదు. వంశం ఒక అవకాశం మాత్రమే ఇస్తుంది. దాన్ని తిండి, నీరు, వెలుతురు రోజూ నిలబెట్టాలి. నిదానంగా పెరిగిన రంగు నిలుస్తుంది, తొందరపెట్టి తెప్పించిన రంగు పోతుంది.

కారణం చేప చర్మంలోనే ఉంది. నలుపుకు మూలమైన మెలనిన్‌ను చేప తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. ఎరుపు, పసుపుల సంగతి అలా కాదు. వాటికి కావలసిన కెరోటినాయిడ్లను చేప సొంతంగా పుట్టించుకోలేదు. నాచు, రొయ్యపిల్లలు, పురుగులు తిని తెచ్చుకోవలసిందే. చెరువులో వాటికి కరువు లేదు. పిండే ఎక్కువైన చవక మేత మీద గాజు తొట్టెలో బతికే చేపకు అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? ఒంట్లో నిల్వ ఉన్నన్నాళ్లు ఎర్రగా ఉంటుంది, తర్వాత నారింజకు, ఆపైన పాలిపోయిన పసుపుకు దిగుతుంది. నలుపు మచ్చలు బాగానే ఉండి ఎరుపు ఒక్కటే తగ్గుతోందంటే మొదట అనుమానించాల్సింది మేతనే. ఇక అన్ని రంగులూ పదార్థంతో వచ్చేవి కావు. నియాన్ టెట్రా అనే చిన్న అక్వేరియం చేప నీలం గీతలో నీలం పదార్థమే లేదు. కణాల్లో పేర్చినట్టున్న గ్వానిన్ పలకల మీద పడిన వెలుగే అలా మెరుస్తుంది. రాత్రి లైటు తీసేశాక అది మసకబారి, పొద్దున మళ్లీ తేరుకుంటుంది. కంగారు పడనక్కర్లేదు. బెదిరిన చేప, తెల్లటి గులకరాళ్ల మీద ఈదే చేప కూడా రంగు రేణువుల్ని కణం నడుమకు ముడుచుకుని కాసేపట్లోనే పాలిపోతాయి. ఆ కారణం తొలగితే రంగు తిరిగొస్తుంది. వారాల తరబడి అదే స్థితిలో ఉంటే మాత్రం రంగు కణాల సంఖ్యే తగ్గిపోతుంది. పరాన్నజీవి సోకి గీత చెరిగిపోయిన నియాన్ టెట్రాకైతే ఏ మేతా ఆ గీతను తిరిగి ఇవ్వలేదు.

రంగును తిండి, నీరు నిలబెడతాయన్నది ప్రయోగశాలల్లో తేలడానికి చాలా ముందే నీగాత రైతులకు చేతి అనుభవంగా తెలుసు. అక్కడి యమకోషి, ఒజియా పరిసరాల్లో మంచు మనిషెత్తు పడుతుంది. చలికాలపు తిండి కోసం వరిమడుల పైనున్న కుంటల్లో కార్పులు పెంచుకునేవారట, 1800ల తొలినాళ్లలో వాటిలో ఎర్రమచ్చలవి కనబడ్డాయంటారు. మన చెరువుల్లోని బంగారుతీగకు ఇవి దగ్గరి చుట్టాలే. చరిత్ర అంతవరకు చాలు, చూడవలసింది వాళ్ల ఏరివేత. ఒక్క ఆడ కోయి లక్షల గుడ్లు పెడుతుంది. పిల్లల్ని విడతలు విడతలుగా ఏరుకుంటూ పోతే చివరికి మిగిలేవి బహు కొద్ది. నలుపు, ఎరుపు, తెలుపుల షోవా రకమైతే పొదిగిన కొద్దిరోజులకే నల్లగా కనిపించే పిల్లల్ని పక్కకు తీస్తారు. తెల్లటి ఒంటి మీద ఎరుపుండే కోహకు రకానికి ఎరుపు కనబడేదాకా వారాలు ఆగుతారు. కన్ను ఇక్కడే పరీక్షకు నిలుస్తుంది. ఏరవలసింది ఇవాళ అందంగా ఉన్న పిల్లను కాదు, నాలుగేళ్ల తర్వాత అందగత్తె కాబోయే పిల్లను. అలా ముందు ముందు విప్పారే చేపను వాళ్లు తతెగోయి అంటారు. ఏడాది పిల్లలోనే ఎరుపు చిక్కబడి ముగింపుకొచ్చేస్తే కొత్తవాడు మురిసిపోతాడు, ఆరితేరినవాడు అనుమానిస్తాడు. లేతగా, మందంగా, కాస్త నారింజ ఛాయలో ఉన్న ఎరుపుకే అతని ఓటు. వేసవి మొదట్లో ఆ చేపను కొండమీది బంకమట్టి కుంటలో వదిలేస్తారు. బురదనీళ్లలో అది వాళ్ల కంటికి కూడా సరిగా ఆనదు. నాచు, పురుగులు, మట్టిలోని లవణాలు తమ పని తాము చేసుకుపోతాయి. అక్టోబరులో నీళ్లు చల్లబడ్డాక వల వేసి తీస్తే ఎరుపు అంచులు కత్తితో కోసినట్టు తేరి ఉంటాయి. స్పిరులినా కలిపిన రంగు మేత వాళ్లూ పెడతారు. ఎక్కువైతే తెల్లటి ఒళ్లు గులాబీ ఛాయ తిరుగుతుందని పోటీకి ముందు ఆపేస్తారు. ఎప్పుడు పెట్టాలో చాలామందికి తెలుసు. ఎప్పుడు మానాలో తెలిసినవాడే నిపుణుడు.

ఈ ఓపిక తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. పెంపకందారు హొషినో జుకిచి 1927లో నలుపు పసుపుల కోయిని కోహకుతో కలిపి షోవా రకాన్ని తెచ్చాడు. నలుపు అద్భుతం, ఎరుపు మాత్రం పసుపు కలిసిన నీరసపు రంగు. ఆ లోటు తీరడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 1960లలో కోబయాషి తొమిజి మళ్లీ కోహకు రక్తం ఎక్కించాకే షోవాకు అసలైన ఎరుపు వచ్చింది. అయోకి సవత 1921లో వెన్ను మీద బంగారు చార ఉన్న ఒక కోయిని చేజిక్కించుకుని, తరం తర్వాత తరం ఏరుకుంటూ పోయి, 1946 నాటికి ఒళ్లంతా బంగారంలా మెరిసే ఒగొన్‌ను సాధించాడు. ఒక చార ఒంటినిండా పరుచుకోవడానికి పాతికేళ్లు! 2004 అక్టోబరు 23న భూకంపం వచ్చి యమకోషి ఊరు ఊరంతా ఖాళీ అయినప్పుడు, కుంటలు బీటలు వారి ఎన్నో చేపలు పోయాయి, ఇలా నిలబెట్టిన వంశాల కోసమే మిగిలిన తల్లి చేపల్ని హెలికాప్టర్లలో తరలించారు. ఆ ఎరుపు విలువ ఎంతంటే, 2018లో ఒక కోహకు 20.3 కోట్ల యెన్‌లకు అమ్ముడైంది. అది పెరిగింది హిరోషిమాలో, అయినా ఆ ఎరుపు పుట్టిల్లు నీగాతే. ఈ విషయంలో పక్షపాతినన్నా ఒప్పుకుంటాను.

ఆక్షేపణలు లేకపోలేదు. వయసు మీదపడితే ఏ చేపకైనా రంగు తగ్గదా అంటారు. తగ్గుతుంది. కొన్ని గోల్డ్‌ఫిష్ వంశాల్లో ఎరుపు ఏళ్లు గడిచేకొద్దీ తెలుపుకు తిరగడం సహజం, దానికి పెంచేవాడు బాధ్యుడు కాడు. కానీ అది ఏళ్ల మీద జరిగే పని, నెలల్లో జరిగే పని కాదు. రంగు మేత కూడా కృత్రిమమే కదా అన్నది రెండోది. ఆ మేత చెరువు ఇచ్చేదాన్నే తొట్టెలో ఇస్తుంది, ఎర్ర కణం లేని చోట అది ఎరుపు పుట్టించలేదు. మూడోది కాస్త గట్టిది: సంప్రదాయమనేవాళ్లూ చేప ఒంటి మీద చేయి చేసుకుంటారు కదా అని. జపాన్‌లోనే ఐచి ప్రాంతపు జికిన్ గోల్డ్‌ఫిష్‌కు ఒళ్లు తెల్లగా, పెదవులు, మొప్పల మూతలు, రెక్కలు మాత్రం ఎర్రగా ఉండాలి. అందుకోసం పిల్ల దశలోనే ఒంటిమీది ఎర్ర పొలుసుల్ని తీసేస్తారు. అదీ సంప్రదాయమేనని అక్కడి పెంపకందారులకు గర్వం. నాకు నచ్చదు. పోటీకి ముందు కోయి మీది నల్లచుక్కల్ని గిల్లేసేవాళ్లనూ వెనకేసుకురాను. అయినా చేపకు లేని రంగును వీళ్లెవరూ చేపకు పూయలేదు.

పూసేవాళ్లు వేరే ఉన్నారు, ఒళ్లు మండేది వాళ్ల మీదే. గాజుచేప మన దక్షిణాసియా నదుల్లోని చిన్న చేప. ముళ్లు బయటికి కనిపించేంత పారదర్శకం, దాని అందమంతా అందులోనే ఉంది. దాన్ని పట్టుకుని సూదితో గులాబీ, పచ్చ, నారింజ రంగులు ఒంట్లోకి ఎక్కించి 'డిస్కో ఫిష్' అని అమ్ముతారు. బొటనవేలంత చేపకు ఆ సూది ఏపాటిదో ఊహించుకోండి. సూదిపోటుకు కొన్ని చనిపోతాయి, బతికినవాటికి రోగాలు, ఆ రంగు కూడా కొన్ని నెలలకే మాసిపోతుంది. బ్రిటన్‌లో 'ప్రాక్టికల్ ఫిష్‌కీపింగ్' పత్రిక 1996లో దీనిమీద ఉద్యమం మొదలెట్టాక అక్కడి ఎన్నో దుకాణాలు దీన్ని మానేశాయి. మగ హార్మోన్ కలిపిన మేతతో సిక్లిడ్ అనే అక్వేరియం చేపల పిల్లలకు పెద్ద చేపల రంగులు ముందే తెప్పించడం ఇంకో దగా. ఆ మేత ఆగితే రంగూ ఆగిపోతుంది. రంగు మేత దట్టించి ఎరుపెక్కించిన చవక కోయి పిల్లలదీ ఇదే దారి. ఇంటికొచ్చి అది వెలవెలబోగానే కొన్నవాడు కోయిలన్నీ ఇంతేనంటాడు. నలభై ఏళ్లు ఒక ఎరుపు కోసం కష్టపడినవాళ్ల పరువు అలా గంగలో కలుస్తోంది.

కాబట్టి కొనేముందు దుకాణంలో రెండు ప్రశ్నలడగండి. ఈ చేప ఏ మేత తింటోంది, ఈ రంగు దాని వంశానిదేనా? ఏడాది పిల్ల మరీ చిక్కటి ఎరుపులో ఉంటే తొందరపడకండి, లేత ఎరుపుదాన్ని తీసుకుని మంచి మేత పెట్టి రెండేళ్లు ఓపిక పట్టండి. రంగులెక్కించిన గాజుచేప కనిపిస్తే మాత్రం కొనకండి. ఎందుకు కొనడం లేదో దుకాణదారుడికి చెప్పి మరీ రండి.