అడగడమూ ఒక పనితనమే

మా హోసూరులో సిప్కాట్ పారిశ్రామికవాడ 1970లలో మొదలైంది. 1980లో టీవీఎస్ మోపెడ్లు, అశోక్ లేలాండ్ లారీలు, ఆ దశాబ్దంలోనే టైటన్ గడియారాలు వచ్చాయి. ఈమధ్య కెలమంగలం వైపు టాటా ఎలక్ట్రానిక్స్, కృష్ణగిరి జిల్లా పోచంపల్లి దగ్గర ఓలా స్కూటర్లు. ఇన్ని ఫ్యాక్టరీ గేట్లున్న చోట ‘ఫలానా కంపెనీలో చేరొచ్చా?’ అన్న మాట టీ అంగడిలోనూ పెళ్ళి పందిట్లోనూ వినబడుతూనే ఉంటుంది. ఆదివారం వచ్చిందంటే అదే మనుషులు ‘మిద్దె మీద రోజా చెట్టు ఎందుకు పూయడంలేదు?’ అని అడుగుతారు. ఎవరిని అడగాలో, ఏమడగాలో తెలియడం కూడా చేతిపనిలాగే నేర్చుకోవాల్సిన విద్య అని నా నమ్మకం.

మా అక్క కూతురు డిప్లొమా ముగించింది. ఒక కంపెనీ నుంచి ఆర్డర్ రాగానే, “మామా, ఆ కంపెనీ మంచిదేనా?” అని నన్నడిగింది. అప్పటికే బంధువుల్లో చాలామందిని అడిగింది. ఒకరు జీతం బాగుందన్నారు, ఒకరు క్యాంటీన్ బాగుందన్నారు, ఇంకొకరు తమ బావమరిది ఆర్నెల్లకే మానేశాడన్నారు. ఎవరి మాటా అబద్ధం కాదు. కానీ ఏ ఒక్కటీ ఆ పిల్లకు దారి చూపలేదు.

మా వీధిలో ఒకావిడ చాలా ఏళ్ళుగా అసెంబ్లీ లైన్లో చేస్తోంది. ఆమె దగ్గరికి తీసుకెళ్ళాను. కంపెనీ మంచిదా చెడ్డదా అన్న మాటే ఎత్తకుండా, “ఆర్డర్లో ఏమని రాసిండారు పాపా? కంపెనీ రోలా, కాంట్రాక్టా, అప్రెంటిసా?” అనింది. అప్పుడు కాగితం తీసి చూస్తే అప్రెంటిస్ అని ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద తీసుకున్నవాళ్ళకు శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. ఒప్పందంలో రాసుకుంటేనే ఆ బాధ్యత. ఆ తర్వాత ఆవిడే ఒక్కొక్కటీ అడిగింది. నైట్ షిఫ్ట్ అయ్యాక బస్సు ఏ స్టాపు దాకా వస్తుంది? లైన్లో నిలబడాలా, కూర్చోవచ్చా? మొదటి నెల పక్కనుండి నేర్పించేదెవరు? ఈ ప్రశ్నల్నే పట్టుకెళ్ళి మా పిల్ల ఆ కంపెనీలో ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరిని, మానేసిన ఒకరిని అడిగింది. ఈసారి వచ్చిన జవాబులు ఒకదానికొకటి అతికాయి.

రోజాల దగ్గరా ఇదే కథ. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తు ఇచ్చే చల్లదనానికే చుట్టుపక్కల ఊళ్ళలో పాలీహౌసులు లేచాయి, రోజాలు విదేశాలకు పోతున్నాయి. బాగలూరు వైపు పాలీహౌసులో పనిచేసే కుర్రాడొకడు మా మిద్దె ఎక్కి, పూయని రోజా చెట్టును ముట్టుకోకముందే, “అన్నా, ఎండ ఎంతసేపు తగులుతాది? నీళ్ళు ఏ పొద్దు పోస్తావు?” అన్నాడు. అది తేల్చుకున్నాకే కత్తెర పట్టాడు. వాడిన పువ్వు నుంచి కిందికి వేలితో తడుముకుంటూ వచ్చి ఐదాకుల రెమ్మ దగ్గర ఆగాడు. ఆ కణుపులో బయటివైపు చూస్తున్న కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కోశాడు. కన్ను బయటికి చూస్తే కొత్త కొమ్మ బయటికే పోతుంది, చెట్టు నడుమకు గాలీ వెలుగూ అందుతాయి, తెగులు తగ్గుతుంది. సన్నటి కొమ్మను మాత్రం కోయకుండా పక్కకు వంచేశాడు. దాని ఆకులు చెట్టుకు తిండి వండిపెడతాయట. ఫిబ్రవరి 14కు పూలు అందాలంటే డిసెంబరులోనే కత్తిరింపు ఎందుకు ముగియాలో కూడా అప్పుడే చెప్పాడు. కోసిన కొమ్మ మళ్ళీ పూయడానికి నెలన్నర పైనే పడుతుంది.

ఇద్దరూ జవాబుకు ముందు ప్రశ్న వేశారు. పని తెలిసినవాళ్ళ గుర్తు అదే. కాబట్టి అడగబోయేవాళ్ళు ఆ వివరాలు ముందే చేతిలో పెట్టుకుని వెళ్ళడం మర్యాద, లాభం కూడా. కాకపోతే తోటపనికీ ఉద్యోగానికీ ఒక తేడా ఉంది. తోట విషయంలో పదిమందిని అడిగి పది రకాలుగా చేసి చూడొచ్చు. తప్పితే పోయేది ఒక కొమ్మ. ఉద్యోగంలో తప్పితే ఒక వయసు పిల్లకు ఏడాది పోతుంది. అక్కడ కొద్దిమందినే, ఆ మెట్టు మీదే నిలబడినవాళ్ళనే అడగాలి. మేనేజరుగా రిటైరైన పెద్దాయనకు ట్రైనీ బస్సు సంగతి తెలియదు.

భాష ఇక్కడ అడ్డం కాదు. తెలుగులో అడిగితే అరవంలో జవాబు రావచ్చు, పక్కనున్నాయన కన్నడంలో దాన్ని సరిదిద్దవచ్చు. మా ఊళ్ళో అది మామూలే.

అడిగినవాళ్ళ మీద ఒక బాకీ ఉంటుంది. దాన్ని చాలామంది తీర్చరు. మా పిల్ల చేరిన కొన్నాళ్ళకు ఆ వీధి అక్క దగ్గరికి మళ్ళీ వెళ్ళి, బస్సు వేళలు మారాయని, ఇప్పుడు లైన్లో కూర్చోనిస్తున్నారని చెప్పింది. తర్వాత అడగడానికొచ్చే పిల్లకు ఆ అక్క ఈ కొత్త సంగతే చెబుతుంది. చెప్పకపోయుంటే పాతదే చెప్పేది. పదిమంది సలహా పదికాలాలు పనికిరావాలంటే, సలహా తీసుకున్నవాళ్ళు ఏం జరిగిందో వెనక్కి వచ్చి చెప్పాలి. ఈ వారం ఎవరినైనా ఏదైనా అడిగి ఉంటే, ఫలితం తేలిన రోజున వాళ్ళకు ఒక మాట చేరవేయండి.