మధుర రాణుల శిలామూర్తులు

క్రీ. శ. 1640లో, నేటి జార్జి టౌనుకు దక్షిణమున ఆంగ్లేయులు కోట కట్ట నారంభించిన నాటికి, మధురను తిరుమలనాయకుడు (1623–1659) పాలించుచుండెను. అతడు నిర్మింపజేసిన పుదుమండపమున తెలుగు నాయకరాజుల నిలువెత్తు శిలామూర్తులును, వారి రాణుల విగ్రహములును కలవు.

తిరుమలనాయకుని స్థూలకాయమును దాచక చూపిన శిల్పి, రాణులయెడ సన్నని నడుము, నిండు వక్షము మున్నగు కావ్యలక్షణములతోనే తృప్తిపడెను. రాజునకు పోలిక దక్కినది. రాణికి వర్ణనయే మిగిలినది. కావున నాటి వస్త్రాభరణములకు ఈ మూర్తులు సాక్ష్యములు కావచ్చును గాని, ఏ రాణి ముఖమునకును సాక్ష్యములు కాజాలవు.

ఈ లోపము మన శిల్పులకే పరిమితము కాదు. 1660 ప్రాంతముల పీటర్ లీలీ ఇంగ్లండు రాజాస్థానమునందలి దొరసానులను చిత్రించెను. వారందరివి నిద్రాభారముగల ఒకే తీరు కన్నులు. చిత్రములు బాగున్నవి కాని పోలిక లేదని పెపిస్ తన దినచర్యలో వ్రాసికొనెను. అయినను అచ్చట పేర్లు నిలిచినవి. మధుర రాణులను చూపరులు భర్తల పేరుతోనే గుర్తింతురు.

ఆ శతాబ్దముననే తంజావూరున విజయరాఘవనాయకుని ఆస్థానమందు రంగాజమ్మ ‘మన్నారుదాసవిలాసము’ రచించెను. ఉలి ఇవ్వని వ్యక్తిత్వమును ఆమెకు గంటము ఇచ్చినది. నాటి స్త్రీని ఎరుగగోరువారు మండపముతోపాటు ఆ గ్రంథమును గూడ దర్శింపవలెను.