పైకెక్కనివాళ్ల సినిమా

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక టీకొట్టు తీర్పు. తమిళనాడులో మా తొప్పూరు టోల్‌గేటు దగ్గర ఒక కుర్రాడు ఫోన్‌లో ‘శివ’ చూస్తున్నాడు. నాగార్జున సైకిల్ మీదికి వంగి, చెయిన్‌ను ఒక్క గుంజు గుంజి పిడికిలికి చుట్టుకునే చోట ఆపడం, వెనక్కి జరపడం, మళ్లీ చూడడం. పక్కనున్న పెద్దాయన “ఇదిగో, ఈ సినిమాలే పిల్లల్ని పాడుచేశాయి” అని తేల్చేశారు. 1989లో ‘శివ’ వచ్చినప్పటి నుంచీ ఇదే మాట. 2025 నవంబరులో సినిమా కొత్త హంగులతో మళ్లీ విడుదలైతే, దాంతోపాటు ఈ మాటా విడుదలైంది.

నా వాదం వేరు: తప్పు మనిషిది కాదు, చోటుది. తొప్పూరు ఘాట్ రోడ్డునే చూడండి. ధర్మపురి నుంచి సేలం వైపు దిగే ఆ వాలులో డ్రైవర్లు మారతారు, లారీలు మారతాయి, ప్రమాదాలు మాత్రం అక్కడే జరుగుతాయి. 2024 జనవరి 24న అక్కడి ప్రమాదంలో నలుగురు పోయినప్పుడు కూడా అందరం డ్రైవర్నే తిట్టాం. నేరాల గురించి షికాగోలో సమాజశాస్త్రవేత్తలు క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే 1942లో చెప్పింది ఇలాంటి సంగతే. ఫ్యాక్టరీల పక్కనున్న పేటల్లోకి జర్మన్లు, ఐరిష్‌లు, ఇటాలియన్లు, పోలిష్‌వాళ్లు వంతులవారీగా వచ్చారు, కాస్త నిలదొక్కుకోగానే వెళ్లిపోయారు. జనం మారినా ఆ పేటల్లో బాల నేరస్థుల లెక్క తగ్గలేదు. తప్పు జాతిది కాదు, పేటది.

మన సినిమావాళ్లు ఇలాంటి పుస్తకాలు చదివారో లేదో గానీ, సంగతి పట్టుకున్నారు. ‘శివ’లో విలన్ భవాని గొంతు పెంచడు. రఘువరన్ ఆ నెమ్మదితోనే వణికించాడు. వెనక రాజకీయ నాయకుడు, చేతిలో కాలేజీ సంఘం ఉన్నవాడికి అరవాల్సిన పనేముంది? నేరం సావాసంలో నేర్చుకునే పని అని నేరశాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్ రాశాడు. కాలేజీలో భవాని మనిషైన జె.డి.ని చూస్తే అది అర్థమైపోతుంది. ‘సత్య’ (1998)లో హీరో ముందు జీవితం ఏమిటో దర్శకుడు రాంగోపాల్ వర్మ చెప్పనే చెప్పడు. ముంబై ఒక్కటీ చాలనుకున్నాడు.

ఇంతవరకూ నా వాదం సాఫీగానే నడిచింది. ‘పుష్ప’ దగ్గర ఆగిపోయింది.

డబ్బు సంపాదించమని సమాజం అందరికీ చెబుతుంది, దారి మాత్రం కొందరికే ఇస్తుంది, మిగిలినవాళ్లలో కొందరు అడ్డదారి తొక్కుతారని సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1938లో రాశాడు. ఎర్రచందనం కూలీగా మొదలై సిండికేట్ పెద్దగా ఎదిగే పుష్పరాజ్ కంటే దానికి మంచి ఉదాహరణ దొరకదు. కానీ సినిమా చూస్తున్నంతసేపూ నా మనసు 2015లోనే ఉంది.

ఆ ఏడాది ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గర శేషాచలం అడవిలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. వాళ్లలో మా ధర్మపురి జిల్లా సిత్తేరి కొండల గిరిజనులున్నారు. తమ మీద దాడి చేశారని పోలీసులన్నారు. తోటివాళ్లను బస్సులోంచి దింపి తీసుకెళ్లారని, బతికి బయటపడ్డవాళ్లు మానవ హక్కుల కమిషన్‌కు చెప్పుకున్నారు. ఆ వారం మా ఇంట్లో వీధి తలుపు తీసి ఉంటే తెలుగు మెల్లగా మాట్లాడుకున్నాం. “కాల్చింది మీవాళ్లే కదండీ” అని ఒకాయన అడిగాడు. “పోయినవాళ్లూ మావాళ్లేనండీ” అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

వాళ్లెందుకు వెళ్లారు? వాన పడితేనే సేద్యం, మిగతా నెలలు పని లేదు. గొడ్డలి పట్టడం వచ్చు. మేస్త్రీ వచ్చి చేతిలో అడ్వాన్సు పెట్టాడు. చెట్టు నరికి, పైచెక్క తీసి, దుంగను భుజాన మోస్తే వచ్చే కూలి ఇక్కడి కూలికి ఎన్నో రెట్లు. ఆ 20 మంది పోయాక కూడా తమిళ కొండల నుంచి కూలీలు శేషాచలానికి వెళుతూనే ఉన్నారు, పట్టుబడుతూనే ఉన్నారు.

మన నేర చిత్రాలు సమాజశాస్త్రానికి అద్దం పడతాయని రాద్దామనే కూర్చున్నాను. ఇక్కడికొచ్చేసరికి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. శాస్త్రం లెక్కపెట్టేది అక్కడే మిగిలిపోయేవాళ్లను. సినిమా వెంటపడేది పైకెక్కినవాణ్ని. భవాని చచ్చాక కథ అయిపోతుంది, మర్నాటి నుంచి కాలేజీ సంఘాన్ని ఎవరు నడిపించారో మనం అడగం. టీకొట్టు పెద్దాయన మాటలో సగం నిజముంది. ఇల్లు, బడి, వాడ బలహీనంగా ఉన్నచోట పిల్లల మీద సినిమా పట్టు ఎక్కువని 1933లోనే సమాజశాస్త్రవేత్తలు బ్లూమర్, హౌసర్ రాశారు. చెయిన్ గుంజడం ఎవరైనా నేర్పగలరు. ఒక్కణ్ని చంపితే పీడ విరగడవుతుందన్న నమ్మకం మాత్రం మనకు సినిమానే అలవాటు చేసింది. ఎన్‌కౌంటర్ వార్తకు చప్పట్లు కొట్టేది ఆ నమ్మకంతోనే.

తెలుగు దర్శకులకు ఒక మనవి. ఈసారి కెమెరా సిత్తేరి కొండ మీద పెట్టండి. అడ్వాన్సు ఇచ్చే మేస్త్రీని, పుచ్చుకునే అన్నను, అన్న తిరిగి రాకపోతే అదే అడ్వాన్సుకు చెయ్యి చాపే తమ్ముణ్ని చూపించండి. హీరో అక్కర్లేదు.