సేవరీ ‘గనివాని మిత్రుడు’ – ఒక పరిశీలన

గనులలో ఊరే నీటిని తోడివేయుటకు ఆవిరిని పనిలో పెట్టినవారిలో ముందుగా చెప్పదగినవాడు ఇంగ్లండు దేశీయుడైన థామస్ సేవరీ. 1698లో ఆయన తన యంత్రానికి పేటెంటు పొందాడు. దాని నిర్మాణాన్ని, నడిపే విధానాన్ని వివరిస్తూ 1702లో ‘మైనర్స్ ఫ్రెండ్’ అనే చిన్న గ్రంథం ప్రకటించాడు. ‘గనివాని మిత్రుడు’ అని ఆ పేరుకు అర్థం. ఆవిరి పంపును ఎట్లా నడపవలెనో బోధించిన తొలి గ్రంథాలలో ఇది ఒకటి. ఈ మిత్రుడు గనివానికి ఏమేమి చెప్పాడో, ఏది చెప్పకుండా విడిచాడో విచారించడం ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఉపయోగకరం.

యంత్రం తీరు సులభమైనదే. బాయిలరు నుండి ఆవిరి ఒక లోహపు పాత్రలోనికి వస్తుంది. పాత్రపై చన్నీళ్ళు పోస్తే లోపలి ఆవిరి నీరుగా మారి, అక్కడ దాదాపు శూన్యం ఏర్పడుతుంది. అప్పుడు బయటి గాలి పీడనం గనిలోని నీటిని గొట్టం గుండా పాత్రలోనికి ఎక్కిస్తుంది. మరల ఆవిరిని వదిలితే అది ఆ నీటిని పై గొట్టంలోనికి నెడుతుంది. ఇటువంటి పాత్రలు రెండు ఉంటాయి. ఒకటి నిండుతూ ఉండగా రెండవది ఖాళీ అవుతుంది.

సేవరీ బోధనా పద్ధతి మెచ్చదగినది. పటంలోని భాగాలకు అక్షరాలు గుర్తుపెట్టి, ఏ పిడిని ఎప్పుడు ఏ వైపు త్రిప్పవలెనో వరుసగా చెప్పాడు. గనివాడు ప్రశ్నించినట్లు, తాను జవాబిచ్చినట్లు సంభాషణ కూర్చి, రాగల ఆక్షేపణలకు సమాధానం చెప్పాడు. 60 నుండి 80 అడుగుల ఎత్తుకు నీటిని తేలికగా ఎక్కించవచ్చుననీ, 500 లేక 1,000 అడుగులకు ఎక్కించవలెనంటే అంత బరువును తట్టుకొనే దృఢత్వం దొరకవలెననీ దాపరికం లేకుండా ఒప్పుకొన్నాడు.

ఆ మాటను లెక్కవేసి చూడవచ్చు. సుమారు 10.3 మీటర్ల నీటి స్తంభం ఒక వాతావరణ పీడనానికి సమానం. 500 అడుగులంటే సుమారు 152 మీటర్లు. కనుక అంత ఎత్తుకు దాదాపు 15 వాతావరణాల పీడనం కావలె. ఎత్తు పెరిగే కొద్దీ పీడనం పెంచక తప్పదు. ఈ యంత్రానికి పీడనమే బలం, పీడనమే ప్రమాదం.

గ్రంథంలోని లోపం సరిగా ఇక్కడనే కనబడుతుంది. అందులో ‘రెగ్యులేటరు’ అనే మాట ఉన్నది. నియంత్రించేది అని దాని అర్థం. కాని ఆ పేరుతో సేవరీ చూపినది, ఆవిరి మొదటి పాత్రకు పోవలెనో రెండవ పాత్రకు పోవలెనో నిర్ణయించే ఒక పలక, దాని పిడి మాత్రమే. అది ఆవిరికి దారి చూపుతుంది గాని, పీడనాన్ని అదుపులో పెట్టదు. పేరు ఉన్నది గాని పని లేదు. పీడనం మితిమీరితే తనంతట తానే తెరచుకొనే భాగం ఆ యంత్రంలో లేదు. పైగా 13, 14 ఏండ్ల బాలుడు కొద్దిరోజుల శిక్షణతో దీనిని నడపగలడని గ్రంథకర్త భరోసా ఇచ్చాడు.

కాలాన్ని బట్టి తీర్పు చెప్పడం న్యాయం. పీడనాన్ని చూపే బూర్డాన్ గేజి 1849లో గాని రాలేదు. అది లేదని సేవరీని తప్పుపట్టరాదు. కాని డెనీ పాపెన్ బరువు, మీట గల రక్షణ కవాటాన్ని 1681 నాటి తన గ్రంథంలోనే వర్ణించాడు. లండనులో అచ్చయిన ఆ సంగతి సేవరీకి అందరానిది కాదు.

ఫలితాన్ని డెసాగులియర్స్ అనే శాస్త్రజ్ఞుడు తరువాత వ్రాసిపెట్టాడు. లండనులోని యార్క్ బిల్డింగ్స్ వద్ద సేవరీ గాలి పీడనానికి 8, 10 రెట్ల పీడనం గల ఆవిరిని పుట్టించగా, అతుకుల టంకం కరిగి, కీళ్ళు విడిపోయినవట. ఇది నమ్మదగిన మాటే. అంత పీడనంలో ఆవిరి వేడి 170 నుండి 180 సెంటీగ్రేడు డిగ్రీల వరకు ఉంటుంది. తగరం, సీసం కలిపిన మెత్తని టంకం 183 డిగ్రీల వద్దనే కరుగనారంభిస్తుంది.

కవాటం ఉన్నంత మాత్రాన చాలదని 1803లో గ్రీనిచ్ వద్ద తెలిసివచ్చింది. అక్కడ నీరు తోడుతున్న ట్రెవితిక్ యంత్రాన్ని ఒక బాలునికి అప్పగించారు. అతడు దానిని ఒక కూలీకి వదలి చేపలకు పోయాడు. బిగించి ఉన్న కవాటపు మీటను విడిపించకుండానే ఆ కూలీ యంత్రాన్ని ఆపాడు. వాడకం లేక ఆవిరి పేరుకొని బాయిలరు ప్రేలింది. నలుగురు మరణించారు. అటుపిమ్మట ట్రెవితిక్ రెండు కవాటాలు అమర్చి, ఒకదానిని నడిపేవాని చేతికి అందకుండా చేశాడు. నీరు తగ్గి వేడెక్కితే కరిగిపోయే సీసపు బిరడాను కూడ చేర్చాడు.

సేవరీ వదలిన ఖాళీని నేటి ఆవిరి పంపుల రెగ్యులేటరు నింపుతుంది. పంపు వెలువరించే నీటి పీడనం ఒక పలుచని పొరపై పనిచేస్తుంది. అది నిర్ణీత హద్దుకు చేరితే, స్ప్రింగు బలాన్ని అణచి, పంపుకు పోయే ఆవిరిని తగ్గిస్తుంది. పీడనం పడిపోతే స్ప్రింగు మరల దారి తెరుస్తుంది. దీనికి పోషణ అవసరం. ముందున్న జల్లెడను శుభ్రం చేయాలి. గొట్టంలో నిలిచిన నీటిని వదలి, ఆవిరిని మెల్లగా తెరవాలి. లేకుంటే నీరు సుత్తివలె గొట్టాన్ని కొడుతుంది. ఆవిరి పీడనాన్ని తగ్గించే కవాటం వెనుక వాడకం ఆగినప్పుడు గేజి ముల్లు నెమ్మదిగా ఎక్కుతూ ఉంటే, కవాటం పీఠం మీద మురికి చేరిందనో, పీఠం అరిగిందనో గ్రహించాలి. అందుచేతనే నియంత్రించే కవాటం ఉన్నా రక్షణ కవాటం వేరుగా ఉండి తీరవలె.

సేవరీ గ్రంథం నడపడం నేర్పింది గాని, అదుపు తప్పినపుడు ఏమి జరుగునో నేర్పలేదు. తరగతిలో ఆవిరియంత్రం పటం గీసే ఉపాధ్యాయుడు రక్షణ కవాటాన్ని విడిచిపెడితే అదే లోపం మరల జరిగినట్లే. వంటింటి ప్రెషర్ కుక్కరు మూత మీద బరువూ, ప్రక్కన కరిగే బిరడా రెండూ ఉన్నవి. పాపెన్, ట్రెవితిక్‌ల పాఠాలు రెండూ అక్కడనే విద్యార్థికి చూపవచ్చు.