ఆ మాటకు అర్థం ఎవరిని అడగాలి?

బడిలో, సభల్లో, పుస్తకాల గురించి నలుగురు మాట్లాడుకునే చోట మా వంటివాళ్లకు ఎదురయ్యే ప్రశ్నలు నాలుగైదే. మీది భాషా, యాసా? మీ భాషకు లిపి ఉందా? ఈ మాటను తెలుగులో ఏమంటారు? మీ కథల్ని, పాటల్ని ఇన్నాళ్లూ ఎందుకు రాసుకోలేదు? అడిగేవాళ్లలో చాలామంది మంచి మనసుతోనే అడుగుతారు. అయితే ఈ ప్రశ్నలన్నిటి అడుగున ఒక నమ్మకం ఉంది. మాటకు అర్థం పుస్తకంలో ఉంటుందని, పుస్తకానికి ఎక్కని మాటకు విలువ తక్కువని. ఆ నమ్మకాన్నే ఇక్కడ పరీక్షించి చూడాలనుకుంటున్నాం. మేము గోండి మాట్లాడే ఇళ్లలో పుట్టి తెలుగులో పాఠాలు చెబుతున్నవాళ్లం. కనుక ఉదాహరణలు ఎక్కువగా గోండి నుంచే ఇస్తాం. కోయ, కొలామి, సవర, కువి మాట్లాడే మిత్రులు తమ తమ మాటలతో ఇదే పరీక్ష చేసుకోవచ్చు.

మొదట భాషా, యాసా అన్న ప్రశ్న. గోండిలో ఊరిని నార్ అంటాం. 'ఊళ్లో' అనాలంటే నాటే అంటాం. 'మావ నాటే మావ రాజ్' అనే నినాదం విన్నవాళ్లకు ఈ మాట పరిచయమే. నార్ కాస్తా నాటే ఎందుకయింది? తెలుగులో నోరు నోట అయినట్టే, ఏరు ఏట అయినట్టే. ఒక భాష ఇంకొక భాష నుంచి నాలుగు మాటలు అరువు తెచ్చుకున్నంత మాత్రాన ఇలాంటి పోలిక రాదు. ఒక తల్లి పిల్లలకే వస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషలను వర్గాలుగా చేసినప్పుడు తెలుగును తమిళ కన్నడాలతో కాకుండా గోండి, కొండ, కూయి, కువి భాషలతో కలిపి ఒక వర్గంలో పెట్టారు. అంటే గోండి తెలుగుకు యాస కాదు, తోబుట్టువు. భాషాశాస్త్రం చదివినవాళ్లకు ఇది పాత సంగతి. తెలుగు వాచకం చదివే పిల్లలకు మాత్రం ఎవరూ చెప్పరు.

తోబుట్టువులైనా ఇద్దరి మాటలూ ఒకటి కావు. తెలుగులో నారు పొలంలో పోసేది, మాకు నార్ ఊరు. తెలుగులో మర్రి చెట్టు, మాకు మర్రి కొడుకు. తెలుగులో పేను తలలో పురుగు, మాకు పేన్ దైవం. ఒకటో తరగతిలో చేరిన గోండు పిల్లవాడు 'మా పేన్' అంటే పక్క పిల్లలు తల గోక్కుని నవ్వుతారు. ఆ నవ్వు ఒక్క నిమిషమే. కానీ ఆ పిల్లవాడు బడిలో ఆ మాట మళ్లీ అనడు. 'దేవుడు' అంటాడు. ఉపాధ్యాయుడు కూడా సరిగ్గా అన్నావంటాడు.

పేన్ అంటే దేవుడు అని రాయడం తప్పు కాదు, చాలదు. దేవుడు అనగానే తెలుగు పాఠకుడికి గుడి, విగ్రహం, పూజారి గుర్తుకొస్తారు. పెర్సాపేన్ ఒక గోత్రం వాళ్లందరినీ కలిపి ఉంచే దైవం. పోయిన మా పెద్దలు కర్మలు జరిగాక ఆ పేన్‌లోనే కలుస్తారని మా నమ్మకం. నాలుగు, అయిదు, ఆరు, ఏడు సగలుగా మా గోత్రాలు విడిపోయింది, ఎవరింటికి పిల్లనివ్వచ్చో ఎవరింటికి ఇవ్వకూడదో తేలేది ఈ లెక్కతోనే. చావు, పెళ్లి, చుట్టరికం మూడూ ఆ చిన్న మాటలో ఉన్నాయి. 'దేవుడు' అని రాసి ఊరుకున్న పుస్తకం ఈ మూడింటినీ పాఠకుడికి చూపకుండా దాటిపోయింది.

పత్రికల్లో ఇలాంటివి ఏటా చూస్తాం. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్లకు భేటింగ్ జరుగుతుంది. భేటి అన్న మాట తెలుగు పత్రికల్లో రోజూ ఉంటుంది. మంత్రులు భేటీ అవుతారు, నాయకులు భేటీ అవుతారు. ఆ అలవాటుతో 'కొత్త కోడళ్ల పరిచయం' అని రాసి వదిలేస్తారు. అది పలకరించుకుని వెళ్లిపోయే పరిచయం కాదు. భేటింగ్ అయ్యాకే ఆ ఆడపడుచుకు వంశపు పూజల్లో పాలుపంచుకునే హక్కు వస్తుంది. ఆమె ఆ వంశంలో చేరిందని అందరి ఎదుటా ఒప్పుకోవడం అది.

గుస్సాడీ సంగతీ అంతే. 2021లో మార్లవాయి కనకరాజు గారికి పద్మశ్రీ ప్రకటించినప్పుడు మేమంతా పొంగిపోయాం. మా గూడెం పేరు దేశమంతా విన్నది. అయితే అన్ని చోట్లా వచ్చిన మాట 'గుస్సాడీ నృత్యం'. దీపావళి రోజుల దండారీలో నెమలి పింఛాల కిరీటం పెట్టుకున్నవాడు పండుగ ముగిసేదాకా స్నానం చేయడు. అప్పుడతన్ని మామూలు మనిషిగా చూడం. అది దీక్ష. ఆట అందులో ఒక భాగం. నృత్యం అని మాత్రమే అర్థం రాసుకుంటే ఎప్పుడు పిలిస్తే అప్పుడు, ఏ వేదిక మీదయినా పది నిమిషాలు ఆడించవచ్చు. ఆడిస్తున్నారు కూడా. అర్థం కుంచించుకుపోతే ఆచారం కూడా ఆ కొలతకే కత్తిరించబడుతుంది.

ఇక రెండో వైపు చూద్దాం. మా మాటలకు తెలుగు అర్థాలు చాలకపోవడం ఒకటి, మమ్మల్నే తెలుగులో ఒక అర్థంగా మార్చడం ఇంకొకటి. ఆటవికుడు అంటే అడవిలో ఉండేవాడు. అంతవరకే అయితే పేచీ లేదు. కానీ రోజూ చదివే తెలుగులో 'ఆటవిక న్యాయం', 'ఆటవిక పాలన', 'ఆటవిక చర్య' అంటే ఏమిటో అందరికీ తెలుసు. మా గూడేల్లో తగువు వస్తే పట్లా, పెద్దలు కూర్చుని ఇద్దరి మాటా వింటారు. అదీ అడవిలోని న్యాయం. మూక చేరి మనిషిని కొట్టి చంపడం పట్నం నడిబజారులో జరిగినా దానికి పెట్టే పేరు మాత్రం అడవిది. 'కోయదొర' అంటే పట్నంలో మూలికలు అమ్మేవాడు, జాతకం చెప్పేవాడు. ఆ వేషంలో ఉన్నవాడు కోయవాడేనా అని అడిగేవాళ్లు లేరు. గోదావరి ఒడ్డున పొలం దున్నుకుంటున్న కోయ రైతుకు ఆ మాటలో చోటే లేదు. సినిమాల్లో మా మనుషులందరిదీ ఒకే భాష. గోండు అయినా, చెంచు అయినా, సవర అయినా 'సామీ', 'దొరా' అంటూ విరిగిన తెలుగు మాట్లాడాలి. ఇంట్లో వాళ్లకు నిండైన భాష ఒకటి ఉందని చూసేవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

ఇదంతా మార్గం లేక జరిగింది కాదు. మార్గం చూపినవారు తెలుగువారిలోనే ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవరలను అడిగి వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించే ప్రయత్నం చేశారు. 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. పాఠశాలల్లో ఉపన్యాసాలు ఉంటాయి. వాటిలో వ్యావహారిక భాషా వాదం నిండుగా ఉంటుంది, సవర ఒక్క వాక్యంలో ముగుస్తుంది. జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలన్నది ఆయన వాదం. తెలుగు పిల్లలకు వర్తించే సగాన్ని తెలుగు సమాజం తీసుకుంది, సవర పిల్లలకు వర్తించే సగాన్ని వదిలేసింది. ఆయన నిఘంటువుకూ ఒక పరిమితి ఉంది. అర్థాలు ఇంగ్లీషులో ఉన్నాయి. సవర బడిపిల్లలకు అది అందేది కాదు. కానీ అడగవలసినవాళ్లనే అడిగి రాసిన పద్ధతి మాత్రం నేటికీ పాఠమే.

లిపి ప్రశ్నకు పెద్దగా చెప్పనక్కర్లేదు. గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అయినా లిపి లేకుంటే భాష కాదన్నది తప్పు లెక్క. ఇంగ్లీషు రాసేది రోమన్ లిపిలో. సంస్కృతాన్ని తెలుగు లిపిలోనూ రాస్తున్నాం. 2011 జనగణనలో సంస్కృతం మాతృభాష అన్నవాళ్లు 24,821 మంది. గోండి అన్నవాళ్లు 29 లక్షల పైచిలుకు. సంస్కృతం ఎనిమిదో షెడ్యూలులో ఉంది, గోండి లేదు. కొరత లిపిది కాదని ఈ అంకెలే చెబుతాయి.

ఎందుకు రాసుకోలేదన్న ప్రశ్నకు జవాబు కొంచెం ఓపికగా వినాలి. మా గోత్రాల కథలు పర్ధాన్ల దగ్గర ఉన్నాయి. కీక్రి వాయిస్తూ ఎవరి గోత్రం కథ వాళ్ల ఎదుట, దాని సందర్భంలో చెబుతారు. చెప్పేవాడు ఎవరు, వినేవాళ్లు ఎవరు, ఎందుకు చెబుతున్నాడు అన్నవి కూడా ఆ కథలో భాగాలే. అచ్చులో ఇవి జారిపోతాయి. అలాగని రాయవద్దని మేము అనం. చెప్పే పెద్దలు తగ్గిపోతున్నారు, వినే పిల్లలు హాస్టళ్లలో ఉన్నారు. రాయకపోతే అదీ మిగలదు. రాసే పని కొత్తదీ కాదు. 1940లలో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ కాలంలోనే గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వచ్చాయి. 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, ప్రాథమిక పాఠాలు చెప్పే ప్రయత్నం జరిగింది. పథకాలు వస్తాయి, సన్నగిల్లుతాయి. పథకం ఆగినా మన పని ఆగకుండా ఉండాలి.

కాబట్టి మా సూచన చిన్నది. ప్రతి గూడెం బడిలో ఒక నోటుపుస్తకం పెడదాం. మాట రాసి పక్కన ఒక్క తెలుగు మాట పెట్టి సరిపెట్టవద్దు. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ పనిలో, ఏ పండుగలో వాడతారు, ఆ మాటతో ఒక వాక్యం, ఇవన్నీ రాద్దాం. తెలుగులో సాటి మాట లేకపోతే లేదనే రాద్దాం. అవ్వను అడిగి రాసుకొచ్చిన పిల్లకు ఆ మాట మీద నవ్వే ధైర్యం ఎవరికీ ఇవ్వదు.

మా గురించి రాసే తెలుగు రచయితలకు ఒక మనవి. పుస్తకం చివర మా మాటలకు అర్థాల పట్టిక ఇస్తున్నారు, సంతోషం. ఆ పట్టిక కింద ఎవరిని అడిగి రాశారో కూడా రాయండి. అడగకుండా రాసినవి ఏవో అప్పుడు పాఠకుడికే తెలిసిపోతుంది. మావాళ్లకూ ఇదే మాట. ఆ అర్థాలు ఇంకా మన ఇళ్లలోనే బతికి ఉన్నాయి. వేరేవాళ్లు వచ్చి అడిగేదాకా ఆగకుండా ముందు మనమే మన పెద్దల దగ్గర కూర్చుందాం.