అక్షాలు లేని గ్రాఫు

వరసగా నిలువు గీతలు. ఎడమవైపు నీలాలు, కుడివైపుకి వచ్చేకొద్దీ ఎరుపులు. అంకెలు లేవు, అక్షాలు లేవు. బ్రిటన్‌లోని రీడింగ్ యూనివర్సిటీ వాతావరణ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో చేసిన 'వార్మింగ్ స్ట్రైప్స్' ఇవి. ఒక్కో గీత ఒక్కో ఏడాది సగటు ఉష్ణోగ్రత. భూగోళం చిత్రంలో 1971-2000 సగటు కంటే చల్లనివి నీలం, వేడివి ఎరుపు.

మొదట్లో నాకిది నచ్చలేదు. అక్షాలు లేని గ్రాఫుకి ఏ ల్యాబులోనూ మార్కులు పడవు. పైగా ఒక్కో దేశం చిత్రంలో రంగుల కొలబద్ద ఆ దేశపు హెచ్చుతగ్గులను బట్టి మారుతుంది. రెండు దేశాల ముదురు ఎరుపులు ఒకే డిగ్రీలని అనుకుంటే పొరబాటే.

దీని పక్కన కీలింగ్ కర్వ్ పెట్టి చూడండి. 1958 నుంచి హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలుస్తున్న కార్బన్ డయాక్సైడ్ లెక్క అది. అప్పుడు 315 పీపీఎం, ఇప్పుడు 420 దాటింది. ఉత్తరార్ధగోళపు చెట్లు వేసవిలో పీల్చుకుంటే గీత కిందికి దిగుతుంది, చలికాలంలో మళ్ళీ ఎక్కుతుంది. అందులో భూమి ఊపిరి కనిపిస్తుంది. కాకపోతే ఆ గీతని కూర్చుని చదవాలి. హాకిన్స్ గీతలకు ఒక్క చూపు చాలు.

సరే, చూశాం. తర్వాత? మా పనిలో డ్యాష్‌బోర్డు ఎర్రబడితే ఎవరికి ఫోన్ వెళ్ళాలో ముందే రాసి ఉంటుంది. ఇక్కడ అందరూ చూస్తారు, ఫోన్ మాత్రం ఎవరికీ మోగదు.

జనానికి పట్టదు కాబట్టే అనుకునేవాణ్ణి. 2024లో 'నేచర్ క్లైమేట్ చేంజ్' పత్రికలో వచ్చిన సర్వే నా లెక్క తప్పని చూపించింది. 125 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని అడిగారు. నెలనెలా ఆదాయంలో 1 శాతం ఇస్తామన్నవాళ్ళు 69 శాతం. మీ దేశంలో ఎంతమంది ఇస్తారనుకుంటున్నారు అంటే, వచ్చిన అంచనాల సగటు 43. ఇస్తామనడం వేరు, ఇవ్వడం వేరు, నిజమే. అయినా ఆ 26 పాయింట్ల తేడా చిన్నది కాదు. పక్కవాడికి పట్టదన్న నమ్మకంతోనే చాలామంది ఊరుకుంటున్నారేమో.

అది చదివాక గీతల్ని ఇంకోలా చూశాను. 2022-23 సీజన్‌లో రీడింగ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆటగాళ్ళు వీటిని చొక్కా చేతుల మీద వేసుకున్నారు. గోడ మీదుంటే ఈ బొమ్మ ఉష్ణోగ్రత గురించి చెబుతుంది. చొక్కా మీదికి వస్తే 'నాకూ పట్టింది' అని పక్కవాడికి చెబుతుంది. ఆ పని కీలింగ్ కర్వ్ చెయ్యలేదు. అక్షాలు లేవన్న నా ఫిర్యాదు అలాగే ఉంది. మార్కులు మాత్రం వేస్తాను.