జీతగాడు చదివిన రోమా పత్రిక

రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు ఒక లెక్క చెబుతాడు. పని చేసినవాడికి యజమాని ఇచ్చేది దయాధర్మం కాదు, అది యజమాని పడ్డ బాకీ. పని మీద కాకుండా నమ్మకం మీద ఆనుకున్నవాడికి దొరికేది కృప. మన ఇళ్ళలో ఉండే పాత తెలుగు బైబిల్ ఈ లెక్కను మూడు మాటల మీద నిలబెట్టింది: జీతము, ఋణము, దానము.

ఇంజనీరింగ్ సెలవుల్లో మక్తల్ వచ్చినప్పుడల్లా మా అవ్వకు బైబిల్ చదివి వినిపించడం నా డ్యూటీ. ఆమెకు అక్షరాలు రావు గానీ ఒక్క మాట కూడా జారిపోనివ్వదు. ఈ వాక్యం దగ్గర నన్ను ఆపింది. "పని చేసినోనికి జీతం బాకీ ఉంటరా? ఎవరు రాసిండ్రు బిడ్డా అది? మీ తాత జీతమున్నన్ని దినాలు మేమే బాకీ ఉంటిమి గదా."

అప్పుడు నవ్వి ముందుకు చదివాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ అధ్యాయాన్ని మళ్ళీ తీస్తే, అందరూ చెప్పే వ్యాఖ్యానాల కన్నా ఆ ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తోంది.

నాకు జీతం అంటే నెలాఖరుకు ఫోన్‌లో వచ్చే మెసేజ్. మా తాతకు జీతం అంటే పెళ్ళి కోసం తెచ్చిన అప్పు కింద ఒక ఆసామి దగ్గర, పశువుల కొట్టంలో పడుకుంటూ, ఏళ్ళకేళ్ళు చేసిన చాకిరీ. మా వైపు 'జీతముండుడు' అంటే ఇదే. నిజాం రాజ్యంలో దీన్ని భగేలా అనేవారు. భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి 1936లోనే ఒక చట్టం వచ్చింది. దేశమంతటా వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం 1976లో గానీ రాలేదు. మా తాత జీతం ఈ రెండు చట్టాల మధ్యలోనే గడిచింది.

పౌలు పోలిక నిలబడాలంటే వినేవాడు ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి: పని చేస్తే యజమానే బాకీ పడతాడని. జీతగాడి అనుభవం దీనికి పూర్తిగా తలకిందులు. అతను ఎంత పని చేస్తే అంత బాకీ. పని వడ్డీకి పోతుంది, అసలు అట్లాగే ఉంటుంది.

కృప, విశ్వాసం, క్రియల గురించి పుస్తకాల్లో దొరికే చరిత్ర ఎక్కువగా యూరప్‌ది. మంచిపనులతో మనిషి దేవుడి దగ్గర ఏమైనా సంపాదించుకోగలడా అన్నది అక్కడి తగాదా. క్రియలు లేని విశ్వాసం చచ్చినట్టే అని యాకోబు రాసిన పత్రికను లూథర్ 1522లో గడ్డితో పోల్చాడు. లూథరన్లూ కాథలిక్కులూ ఈ విషయంలో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టేసరికి 1999 అక్టోబరు 31 వచ్చింది. ఇదంతా అవసరమైన చరిత్రే. కానీ సంపాదించుకునే వీలే లేని మనిషి అడిగే ప్రశ్న వేరు. ఈ అప్పు ఎప్పుడు తీరుతుంది?

ఇక్కడ తెలుగు అనువాదం ఒకచోట గెలిచింది, ఒకచోట ఓడిపోయింది.

గెలిచింది 'తీర్చు' అనే మాటతో. నమ్మినవాళ్ళు నీతిమంతులుగా 'తీర్చబడతారు' అంటుంది పాత అనువాదం. పండితులకు అందులో న్యాయస్థానం వినిపిస్తుంది, తీర్పు వినిపిస్తుంది. మా అవ్వకు అప్పు తీరడం వినిపించింది. తెలుగులో రెండూ ఒకే మాట నుంచి పుట్టినవి కాబట్టి ఆమె విన్నది తప్పు కాదు. ఆరో అధ్యాయం చివర పాపాన్ని జీతమిచ్చే యజమానిగా చూపిస్తాడు పౌలు. గ్రీకులో అది సిపాయిల బత్తేనికి వాడే మాట. తెలుగులో అదీ జీతమే అయింది. చావే చేతికొచ్చే జీతం అంటే ఏమిటో పాలమూరులో ఎవరికీ వివరించనక్కర్లేదు.

ఓడిపోయింది 'దానము' దగ్గర. ఎఫెసీ పత్రికలో 'కృప' అయిన గ్రీకు మాట 'ఖారిస్'. రోమా నాలుగులోనూ ఉన్నది అదే మాట. ఇక్కడ మాత్రం 'దానము' అయింది. దానం అనగానే ఇచ్చేవాడు మెట్టు మీద, పుచ్చుకునేవాడు మెట్టు కింద. మా వైపు దయ అన్నా అంతే. దొర దయతలిచి ఇచ్చిన పాతచొక్కా కూడా 'నీ బాంచెన్' అనిపించుకునేది. ఆ దయ అప్పును తీర్చేది కాదు, ముడిని ఇంకాస్త బిగించేది. కృప కూడా అలాంటిదే అయితే మా తాత దొరను మార్చుకున్నాడు తప్ప విడుదల కాలేదు.

ఈ భయం ఊహ కాదు. తెలుగు క్రైస్తవులు మిషనరీలనూ దొర అనే పిలిచారు. మా జిల్లా ఎం.బి. చర్చీల పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ముందు కనిపించేది బాప్టిస్టులే. రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టింది వాళ్ళ నీడనే. మహబూబ్‌నగర్ మిషన్ కూడా 1937లో బాప్టిస్టుల చేతి నుంచే మెనోనైట్ బ్రదరన్‌కు వచ్చింది. ఆ బాప్టిస్టుల తెలుగు చరిత్రలో అందరూ చెప్పుకునేది ఒంగోలు క్లౌ దొర కథ. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్ళు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న, ఒక్కరోజులో 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం జరిగింది.

ఈ కథను సాధారణంగా ఆ అంకె కోసం చెబుతారు. నాకు అంకె కన్నా ఆ రెండు ఖాతాలు ముఖ్యం. తవ్వినవాడికి ఇచ్చింది కూలి, అంటే బాకీ. దాన్ని దయ అనలేదు. బాప్తిస్మానికి దాన్ని వెలగానూ కట్టలేదు. పౌలు విడదీసినవాటిని క్లౌ కాలువగట్టు మీద విడదీశాడు. దొర అనిపించుకున్నవాడు దొరతనాన్ని కాస్తయినా పక్కన పెట్టిన సందర్భం ఇది.

ఇప్పుడు యాకోబు దగ్గరికి వద్దాం. పౌలుకు ఎదురు సాక్షిగా ఆయన్ను నిలబెట్టేవాళ్ళు రెండో అధ్యాయంతో ఆగిపోతారు. అక్కడ కూడా క్రియలంటే ఉపవాసాలు, మొక్కుబడులు కావు. బట్టా తిండీ లేనివాడికి మంచిమాట చెప్పి పంపేస్తే ఏం లాభం అంటాడు. అయిదో అధ్యాయానికి వస్తే ఇంకా సూటిగా, కోతకు వచ్చినవాళ్ళకు ఇవ్వకుండా ఆపిన కూలి తానే మొరపెడుతోంది అంటాడు. జీతగాడి వైపు నుంచి చదివితే ఇద్దరికీ తగాదా లేదు. పౌలు చెప్పింది నీ అప్పు తీరింది అని. యాకోబు చెప్పింది ఇక నువ్వు ఎవరినీ జీతానికి పెట్టుకోకు అని. రెండోది మొదటిదానికి చెల్లించే వెల కాదు, మొదటిది నిజమని చూపించే గుర్తు.

నేటి ప్రసంగాల్లో కొన్నింటితో నా పేచీ ఇక్కడే. ఉచితం అని మొదలుపెట్టి, కానుక ఇస్తే నూరంతలు తిరిగి వస్తుందని ముగిస్తారు. అంటే ఈసారి దేవుణ్ణే బాకీ పెడుతున్నాం. అవ్వ ప్రశ్నకు ఇది జవాబు కాదు, పాత ఖాతాకు కొత్త అట్ట.

మత్తయి ఇరవైలో ద్రాక్షతోట యజమాని సాయంత్రం అయిదింటికి కూడా అడ్డా మీద నిలబడ్డవాళ్ళను చూస్తాడు. మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదు అంటారు వాళ్ళు. హైదరాబాద్ అడ్డాల మీద నిలబడ్డ పాలమూరు కూలీలు రోజూ చెప్పే మాటే. పొద్దు గూకినాక ఆయన వాళ్ళ చేతిలో పెట్టింది పాతచొక్కా కాదు, పూర్తి దినకూలి. కృపకు 'దానము' కన్నా మంచి అనువాదం నాకు ఆ దృశ్యంలోనే దొరికింది.

ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టిన వారం మా అపార్ట్‌మెంట్ మీటింగ్ జరిగింది. వాచ్‌మన్‌ది మా జిల్లానే. అతని జీతం పెంచే సంగతి రెండోసారి వాయిదా పడింది. చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. అవ్వ ఉంటే ఏ అధ్యాయం చదవమనేదో నాకు తెలుసు. వచ్చే మీటింగ్ ఆదివారం సాయంత్రం.